యేసయ్య రాకడకి (ఆయన మళ్ళీ రావడానికి) రెడీగా ఉండడం అంటే రోజూ ఏం చేయాలి

"ఫలానా తేదీకి ప్రభువు వచ్చేస్తున్నాడు" అని వీడియో రాగానే గ్రూపులన్నిటికీ పంపేస్తుంటాం కదా, ముందు అది ఆపండి. ఆ దినం, ఆ గడియ ఎవరికీ తెలీదని మత్తయి 24:36లో యేసయ్యే చెప్పాక మళ్ళీ మనకి లెక్కలెందుకు? 1844 అక్టోబర్ 22 అని అమెరికాలో మిల్లర్ అనే బోధకుడి అనుచరులు వేలమంది ఎదురుచూశారు, 2011 మే 21 అని హెరాల్డ్ క్యాంపింగ్ అనే బోధకుడు రేడియోలో చెప్పాడు, రెండుసార్లూ మర్నాడు మామూలుగానే తెల్లారింది.

మత్తయి 25లో పెళ్ళికొడుకు కోసం దీపాలతో ఎదురుచూసిన పదిమంది కన్యకల ఉపమానం చదివేటప్పుడు ఒకటి చూడండి, నిద్రపోయింది బుద్ధిలేని ఐదుగురే కాదు, పదిమందీ కునికి నిద్రపోయారు. తేడా అంతా సిద్దెల్లో (నూనె పాత్రల్లో) నూనె దగ్గరే. అర్ధరాత్రి పెళ్ళికొడుకు వస్తున్నాడని కేక వినపడ్డాక పక్కవాళ్ళని నూనె అడిగితే దొరకలేదు, కాబట్టి అమ్మ చేసే ప్రార్థన నా లెక్కలోకి వస్తుందిలే అనుకోకండి (నేను చాన్నాళ్ళు అలాగే అనుకున్నా).

ఆ నూనె రోజూ కాస్త కాస్త పోసుకోవాల్సిందే. పొద్దున ఫోన్ పట్టుకోకముందే వాక్యం, ఒక్క అధ్యాయమైనా చాలు. పగలు శోధన (తప్పు చేయాలనిపించడం) వచ్చిన చోట రెండు నిమిషాలు ఆగి ప్రార్థన, సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో శిష్యులకి ప్రభువు చెప్పింది కూడా అదే, మెలకువగా ఉండి ప్రార్థన చేయమని.

అసలు కష్టం రాత్రి పూట. సూర్యుడు అస్తమించేలోపు కోపం తగ్గించుకోమని ఎఫెసీ 4:26 చెప్తుంది, వినడానికి ఈజీ. ఒకసారి ఫ్రెండ్‌తో గొడవపడి "సారీ రా" అని టైప్ చేశా, కొట్టేశా, వాడే ముందు అడగాలి కదా అని ఫోన్ పక్కన పెట్టి బైబిల్ తీశా, అరగంట చదివినా ఒక్క ముక్క బుర్రకెక్కలేదు, చివరికి ఆ రెండు మాటలూ పంపాకే ప్రార్థన వచ్చింది. అందుకే పడుకునే ముందు ఎవరితో పొరపొచ్చాలున్నాయో, దేవుని దగ్గర ఏం ఒప్పుకోవాలో చూసుకోండి. పాపం అని ఊరికే అనకుండా అబద్ధమైతే అబద్ధమని, చూడకూడనిది చూస్తే అదే అని పేరుపెట్టి ఒప్పుకోండి, గుండ్రంగా చెప్తే మళ్ళీ రేపు అదే చేస్తాం.

ఇంకోటి, లూకా 21:34లో హృదయాన్ని మందం చేసేవి మూడు చెప్పాడు ప్రభువు, తిండి, మత్తు, ఐహిక విచారాలు. మొదటి రెండిటి మీద ప్రసంగాలు బోలెడు వింటాం, మూడోదాన్ని మాత్రం బాధ్యత అని పేరుపెట్టి వదిలేస్తాం. అప్పులు, ఫీజులు, ప్రమోషన్ అని రోజంతా తలలో అవే తిరుగుతుంటే అదీ మత్తే నా దృష్టిలో. అలాగని ఉద్యోగం మానేసి కూర్చోమని కాదు, పని చేయనివాడు తినకూడదని పౌలు రాసింది థెస్సలొనీక సంఘానికే, రాకడ గురించి అంత కంగారుపడిన వాళ్ళకే.

పేతురు అయితే అన్నిటి అంతం దగ్గరపడింది, మెలకువగా ఉండండి అని మొదటి పత్రిక 4:7లో రాసి, రెండు వచనాలు దాటగానే సణుక్కోకుండా ఒకరికొకరు ఆతిథ్యం చేసుకోండి అంటాడు. అంటే చెప్పాపెట్టకుండా చుట్టాలొచ్చిన రోజు వంటింట్లో గిన్నెలు ఎంత గట్టిగా పెడుతున్నామో, అది కూడా లెక్కలోకే వస్తుందన్నమాట.