ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం ఎలా? ముందు నీళ్ల సంగతి చూడండి

ముక్కు దిబ్బడకి, దుమ్ము పడక వచ్చే తుమ్ములకి, సైనస్ బరువుకి ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం మంచి ఉపాయం. హఠయోగంలో దీన్నే జలనేతి అంటారు. (నేతి అనగానే నెయ్యి గుర్తొచ్చి, ముక్కులో నెయ్యి పోయాలా అని అడిగినవాళ్లూ ఉన్నారు. అక్కర్లేదు.) నేను పదేళ్లకు పైగా చేస్తున్నాను, అడిగినవాళ్లకల్లా నేర్పిస్తున్నాను. నేర్చుకున్న వారం తిరక్కుండానే సగం మంది ఏదో ఒక అడ్డదారి కనిపెట్టి, మంట పుట్టిందనో చెవిలోకి నీళ్లు పోయాయనో వచ్చి చెబుతారు. అందుకే ఇది రాస్తున్నా.

ఇది జలుబుని చంపే మందు కాదు. చిక్కబడ్డ చీమిడిని, దానికి అంటుకున్న దుమ్మునీ పుప్పొడినీ కడిగేస్తుంది. గాలి ఆడుతుంది, తల తేలికవుతుంది. అంతకు మించి ఆశించకండి.

కావలసినవి

నేతి పాత్ర (టీ కెటిల్‌లా సన్నటి మూతి ఉన్న చిన్న పాత్ర), ఉప్పు, చెంచా, నీళ్లు. పాత్ర స్టీలుదైతే మేలు, మరగబెట్టి శుభ్రం చేసుకోవచ్చు. నొక్కితే నీళ్లు చిమ్మే ప్లాస్టిక్ సీసాలు కూడా వస్తున్నాయి. చాలామంది వాడుతున్నారు, నాకు మాత్రం నచ్చవు. కొత్తలో ఎంత గట్టిగా నొక్కాలో తెలియక చెవుల మీదకి తెచ్చుకుంటారు. పాత్రలోంచైతే నీళ్లు వాటి బరువుకి అవే మెల్లగా పారతాయి.

నీళ్లు: ఇక్కడ తొందర పడొద్దు

కుళాయి నీళ్లు తిన్నగా ముక్కులో పోయకూడదు. "అవే నీళ్లు తాగుతున్నాం కదా" అంటారు. తాగడం వేరు, ముక్కులో పోసుకోవడం వేరు. వెచ్చటి మంచినీళ్లలో, మట్టిలో నేగ్లేరియా ఫౌలెరీ అనే అమీబా ఉండొచ్చు. నోట్లోంచి కడుపులోకి పోతే దానివల్ల ఏ జబ్బూ రాదు. ముక్కులోంచి పోయిందంటే మాత్రం వాసన తెలిపే నరం వెంట పాకి మెదడుకి చేరుతుంది. ఇది చాలా అరుదు. కానీ సోకితే బతికి బట్టకట్టేది బహు కొద్దిమంది. 2011లో అమెరికాలోని లూసియానాలో ఇద్దరు ఇలాగే పోయారు. ఇద్దరూ నేతి పాత్రలో కుళాయి నీళ్లే వాడారు. పరీక్షిస్తే వాళ్ల ఇళ్లలోని నీళ్లలో ఆ అమీబా కనిపించింది.

ఉప్పు కలిపాం కదా, చచ్చిపోతుందిలే అనుకోవద్దు. ముక్కుకి వాడే పాటి ఉప్పు దాన్ని అప్పటికప్పుడు చంపలేదు.

కాబట్టి నీళ్లు సలసల కాగాలి. కాగడం మొదలైన తర్వాత కనీసం ఒక నిమిషం పొయ్యి మీదే ఉంచండి. సముద్రమట్టానికి 2,000 మీటర్ల పైన ఉండేవాళ్లు మూడు నిమిషాలు ఉంచాలి, అక్కడ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. తర్వాత మూతపెట్టి చల్లారనివ్వండి.

ఇంతవరకూ అందరూ బుద్ధిగా చేస్తారు. ఆ తర్వాతే చెడగొడతారు. నీళ్లు త్వరగా చల్లారాలని పక్కనున్న కుళాయి విప్పి అరగ్లాసు చన్నీళ్లు కలిపేస్తారు! ఇక మరిగించి ఏం లాభం? పాత్రని కుళాయి కింద తొలిచి, ఆ తడి మీదే కాచిన నీళ్లు పోయడమూ అంతే. తొలవడానికి కూడా కాచిన నీళ్లే వాడాలి. ఓపిక లేకపోతే రాత్రే కాచి, శుభ్రమైన గిన్నెలో మూతపెట్టి ఉంచండి. 24 గంటల్లోపు వాడేయాలి, మిగిలితే పారబోయండి.

ఫిల్టర్ నీళ్లు పనికిరావా అంటే, 1 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) లేదా అంతకన్నా సన్నటి రంధ్రాలున్న ఫిల్టరైతే పనికొస్తాయి. కానీ దాన్ని కిందటిసారి ఎప్పుడు మార్చారో గుర్తుందా? మరిగిస్తే ఆ టెన్షనే ఉండదు. డిస్టిల్డ్ వాటర్ సీసా కొనుక్కున్నా సరే.

ఉప్పు

లీటరుకి 9 గ్రాములు. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్‌లో ఉండే ఉప్పూ అంతే. పావు లీటరు నీళ్లకైతే అర టీస్పూనుకి కాస్త తక్కువగా మెత్తటి ఉప్పు వేస్తే సరిపోతుంది. అయొడిన్ కలపని ఉప్పైతే మంట తక్కువ. చిటికెడు వంటసోడా కూడా వేస్తే హాయిగా ఉంటుంది, నేను వేయకుండా చేయను. ఉప్పు లేని నీళ్లు మాత్రం పోసుకోకండి. మొదటిరోజు నేను చేసిన తప్పు అదే. ముక్కులోంచి నడినెత్తి దాకా మంటెక్కి పది నిమిషాలు కళ్లు తెరవలేకపోయాను.

కడగడం

నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. సింకు మీదకి వంగి తల ఒక పక్కకి తిప్పండి. పై ముక్కుపుటంలో పాత్ర మూతి ఆనించి పోస్తే కింది పుటంలోంచి కారుతుంది. ఊపిరి నోటితోనే తీయాలి, మాట్లాడకూడదు, మింగకూడదు. గొంతులోకి దిగుతున్నాయంటే తల బాగా వెనక్కి వాలిందన్నమాట, ఇంకాస్త ముందుకి వంగండి. సగం పాత్ర ఇటు, సగం అటు. ముక్కు పూర్తిగా మూసుకుపోయి ఒక్క చుక్క కూడా అవతలికి రాకపోతే బలవంతంగా పోయొద్దు, ఆపేయండి.

తర్వాత ముక్కు మెల్లగా చీదండి. రెండు పుటాలూ మూసిపట్టి గట్టిగా చీదితే నీళ్లు చెవివైపు తోసుకుపోతాయి.

ఎవరు చేయకూడదు, ఎన్నిసార్లు?

చెవి ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లు, తరచూ ముక్కులోంచి రక్తం వచ్చేవాళ్లు, ముక్కుకో చెవికో ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టొద్దు. చిన్నపిల్లలకీ అంతే. జలుబున్నప్పుడు రోజుకి ఒకటి రెండుసార్లు చాలు, తగ్గాక మానేయొచ్చు. పది రోజులైనా తగ్గకపోయినా, జ్వరం, ముఖం నొప్పి ఎక్కువైనా పాత్ర పక్కనపెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

వాడిన పాత్రని కడిగి, బోర్లించి, పూర్తిగా ఆరనివ్వండి. ఒకరి పాత్ర ఇంకొకరు వాడొద్దు. ఇంకో సంగతి, బయటికి వెళ్లబోయే ముందు చేయకండి, కనీసం అరగంట ఆగండి. లోపల ఎక్కడో దాక్కున్న నీళ్లు మీరు వంగినప్పుడే బయటికొస్తాయి. నాకైతే ఒకసారి సంతకం పెట్టబోతుంటే కాగితం మీదే కారాయి. మళ్లీ ప్రింట్ తీయించాల్సి వచ్చింది.