డేటా సేఫ్టీ ఫారం మళ్లీ మళ్లీ తిరిగొస్తోందా? ముందు మెయిల్‌లో ఆ నంబర్ చూడండి

"ఫారం అంతా కరెక్ట్‌గానే నింపాను, అయినా గూగుల్ ప్లే అప్‌డేట్ తిప్పి పంపింది" అంటూ నాకు స్క్రీన్‌షాట్లు వస్తుంటాయి. (మీ యాప్ వాడకందార్ల నుంచి ఏ డేటా తీసుకుంటుందో మీరు ప్లేకు చెప్పే ఫారం ఇది. ఆ వివరాలే స్టోర్‌లో యాప్ పేజీలో కనిపిస్తాయి.) ప్రతి స్క్రీన్‌షాట్‌లోనూ మెయిల్ పైభాగమే ఉంటుంది, "మీ యాప్ విధానాలకు అనుగుణంగా లేదు" అన్న పేరా వరకు. కింది భాగం పంపండి అని నేను అడగాలి. అసలు విషయం అక్కడే ఉంటుంది: ఒక వెర్షన్ కోడ్ (ప్లేకు పంపే ప్రతి వెర్షన్‌కూ ఉండే నంబర్), ఒక డేటా రకం పేరు.

మామూలుగా అది "స్ప్లిట్ బండిల్ 14, డేటా సేఫ్టీ సెక్షన్, డివైస్ ఆర్ అదర్ ఐడీస్" అన్న ధోరణిలో ఉంటుంది. బండిల్ అంటే మీరు ప్లేకు పంపిన యాప్ ఫైల్, ఐడీస్ అంటే ఫోన్‌ను గుర్తించే నంబర్లు. అడ్వర్టైజింగ్ ఐడీ, ఆండ్రాయిడ్ ఐడీ, ఐఎంఈఐ లాంటి ఉదాహరణలు కూడా పక్కనే ఇస్తారు. ఆ 14 ఏమిటో చూడకుండా ఫారం తెరిచి టిక్కులు మార్చడం మొదలుపెడితే, చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టే. ఇప్పుడు ప్రొడక్షన్‌లో, అంటే అందరికీ అందుబాటులో, ఉన్న మీ వెర్షన్ కోడ్ ఎంత? మెయిల్‌లో ఉన్నదెంత? ఈ రెండూ కాగితం మీద రాసుకున్నాకే కింది భాగం చదవండి.

లక్షణం 1: మెయిల్‌లోని నంబర్, మీరు ఇప్పుడు పంపిన వెర్షన్ ఒకటే

కారణం దాదాపు ఎప్పుడూ ఎస్‌డీకేనే, అంటే వేరేవాళ్లు రాయగా మీరు యాప్‌లో పెట్టుకున్న లైబ్రరీ. "మాకసలు సర్వరే లేదండీ, డేటా ఎక్కడ సేకరిస్తాం" అంటారు. ప్లే లెక్కలో సేకరించడమంటే డేటా ఫోన్ దాటి బయటికి వెళ్లడం. అది మీ సర్వర్‌కే వెళ్లాలని లేదు. మీరు పెట్టుకున్న లైబ్రరీ తన సర్వర్‌కు పంపినా, యాప్ మీది కాబట్టి ఆ డేటాను మీరే చెప్పాలి.

గూగుల్ ప్రకటనల లైబ్రరీ యాడ్‌మాబ్ పెట్టారంటే ఐపీ అడ్రస్, దాన్నిబట్టి అంచనా కట్టే లొకేషన్, యాప్‌లో చేసే ట్యాప్‌లు, పనితీరు సమాచారం, అడ్వర్టైజింగ్ ఐడీ లాంటివన్నీ దానంతట అదే తీసుకుంటుంది. వీటికి కలెక్టెడ్ ఒక్కటే కాదు, షేర్డ్ కూడా టిక్ చేయాలి. యాప్ ఆగిపోయినప్పుడు వివరాలు పంపే క్రాష్‌లిటిక్స్ ఉంటే క్రాష్ లాగ్స్‌తో ఆగకండి, అది ప్రతి ఇన్‌స్టాల్‌కూ ఒక గుర్తింపు సంఖ్య ఇస్తుంది. క్రాష్ లాగ్స్ టిక్ చేసి డివైస్ ఐడీ వదిలేయడం నేను తరచూ చూసే తప్పు.

పరిష్కారం: గ్రేడిల్‌లో (యాప్‌ను బిల్డ్ చేసే సాధనం) డిపెండెన్సీస్ టాస్క్ నడిపి లైబ్రరీల మొత్తం చెట్టు చూడండి. మీరు రాసుకున్న పది లైన్లు చూస్తే చాలదు, అవి లాక్కొచ్చినవి కూడా చూడాలి. ఫ్లట్టర్ లేదా రియాక్ట్ నేటివ్ వాడేవాళ్లు మరీ జాగ్రత్త, ఒక్క ప్లగిన్ వెనక నాలుగు లైబ్రరీలు ఉండొచ్చు. ఆ తర్వాత ఆండ్రాయిడ్ స్టూడియోలో యాప్ అడిగే పర్మిషన్లు ఉండే మానిఫెస్ట్ ఫైల్ తెరిచి, అడుగున ఉండే మెర్జ్‌డ్ మానిఫెస్ట్ ట్యాబ్ నొక్కండి. మీరు పెట్టని ఏడీ ఐడీ (అడ్వర్టైజింగ్ ఐడీ) పర్మిషన్ అక్కడ కనిపిస్తే అది ఏ లైబ్రరీ తెచ్చిందో కూడా అక్కడే తెలుస్తుంది. ప్రకటనలే లేని యాప్‌లో అది ఉండాల్సిన అవసరం లేదు. మానిఫెస్ట్‌లో రిమూవ్ అని రాసి తీసేయండి, ప్లే కన్సోల్‌లో అడ్వర్టైజింగ్ ఐడీ డిక్లరేషన్ కూడా దానికి తగ్గట్టు మార్చండి. ఏ ఎస్‌డీకే ఏం తీసుకుంటుందో దాని డాక్యుమెంటేషన్‌లో డేటా సేఫ్టీ పేరుతో పేజీ ఉంటుంది. గూగుల్ ప్లే ఎస్‌డీకే ఇండెక్స్‌లో వెతికితే చాలావాటి లింకులు ఒకేచోట దొరుకుతాయి.

భయంతో అన్నీ టిక్ చేసేవాళ్లూ ఉన్నారు. కాంటాక్ట్స్ ముట్టుకోని యాప్ పేజీలో "కాంటాక్ట్స్ సేకరిస్తుంది" అని కనిపిస్తే ఎవరు ఇన్‌స్టాల్ చేస్తారు?

లక్షణం 2: మెయిల్‌లోని నంబర్ పాతది, మీరు ఎప్పుడో మర్చిపోయినది

నా చేయి కాలింది ఇక్కడే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

2022 జులై 20 ఈ ఫారానికి గడువు. ఆ తర్వాతి నెల, ఒక పంచాంగం యాప్‌కు అప్‌డేట్ పంపాను. శ్రావణమాసం, ఆ యాప్‌కు గిరాకీ ఉండే రోజులు. తిరిగొచ్చింది. డివైస్ ఐడీ అన్నారు కదా అని కోడ్ అంతా గాలించాను, ఏమీ లేదు. ఫారంలో ఒక వివరణ మార్చి మళ్లీ పంపాను, మళ్లీ తిరిగొచ్చింది. అనుమానం వచ్చిన లైబ్రరీ ఒకటి పీకేసి వెర్షన్ 31 కట్టి పంపాను. అదే మెయిల్, అక్షరం మారలేదు. మూడోసారి విసుగుతో కిందిదాకా చదివితే అక్కడ "14" అని ఉంది. మూడు మెయిళ్లలోనూ ఉంది. నేనే చూడలేదు.

ఆ 14 ఏమిటంటే, రెండేళ్ల క్రితం యాప్ యజమాని ఇంట్లోవాళ్లు చూడటానికి క్లోజ్డ్ టెస్టింగ్‌లో (ఎంపిక చేసినవాళ్లకే యాప్ అందించే ట్రాక్, అంటే విడుదల దారి) పెట్టిన బండిల్. అప్పట్లో ఒక అనలిటిక్స్ లైబ్రరీ వాడి, తర్వాత తీసేశాం. ప్రొడక్షన్‌లో ఎన్ని కొత్త వెర్షన్లు వచ్చినా ఆ టెస్టింగ్ ట్రాక్ మాత్రం అలాగే తెరిచి ఉంది. అందులో 14 కూర్చుని ఉంది. ఆ లింకు వాడేవాళ్లు ఎవరూ లేరు, అయినా ప్లే దృష్టిలో అది చలామణీలో ఉన్న వెర్షనే.

చాలామంది తలకెక్కించుకోని సంగతి ఇదే: డేటా సేఫ్టీ ఫారం వెర్షన్‌కొకటి ఉండదు. ఒక ప్యాకేజీ పేరుకు ఒకే ఫారం. ప్లేలో ఇప్పుడు చలామణీలో ఉన్న అన్ని వెర్షన్లు, అన్ని దేశాలు, అన్ని వయసుల వాడకందార్లు కలిపి ఏం సేకరిస్తారో ఆ మొత్తం అందులో ఉండాలి. కాబట్టి కొత్త కోడ్ కడిగిన ముత్యంలా ఉన్నా, పాత బండిల్ ఒక్కటి బతికుంటే ఫారం తప్పే అవుతుంది.

పాత వెర్షన్ దాక్కునే చోట్లు నేను చూసినంతలో ఇవి. క్లోజ్డ్ టెస్టింగ్ మొదటిది. అక్కడ ఒక్క ట్రాకే ఉంటుందనుకోకండి, మీకు ముందు పనిచేసిన డెవలపర్ తన పేరుతో ఇంకోటి సృష్టించి ఉండొచ్చు. తర్వాత ఓపెన్ టెస్టింగ్. మూడోది ఎవరూ అనుమానించనిది, ప్రొడక్షనే. రోలౌట్, అంటే కొత్త వెర్షన్‌ను విడతలుగా అందించడం, 20 శాతం దగ్గర ఆపి మర్చిపోతే మిగతా 80 శాతం మందికి వెళ్లేది పాత వెర్షనే. అలాగే పాత ఆండ్రాయిడ్ ఫోన్ల కోసమని ఒకప్పుడు విడిగా అట్టిపెట్టిన ఏపీకే (పాత తరహా యాప్ ఫైల్) ఉంటే, అది ప్రతి కొత్త రిలీజ్‌లోనూ నిశ్శబ్దంగా వెంట వస్తూనే ఉంటుంది. ఇంటర్నల్ టెస్టింగ్‌లో మాత్రమే ఉన్న యాప్‌కు ఈ ఫారం అక్కర్లేదు, నిజమే. అది యాప్ మొత్తానికి వర్తించే మినహాయింపు. ప్రొడక్షన్‌లో ఉన్న యాప్ దాన్ని చూసి ధైర్యపడకూడదు.

పరిష్కారం ఇలా చేస్తాను. టెస్టింగ్ కింద ఉన్న ప్రతి ట్రాక్‌లో మేనేజ్ ట్రాక్ నొక్కి, ఏ వెర్షన్ కోడ్ ఉందో రాసుకుంటాను. పాతది కనిపించిన ట్రాక్‌లో కొత్త రిలీజ్ మొదలుపెట్టి, యాడ్ ఫ్రమ్ లైబ్రరీతో ప్రొడక్షన్‌లో ఉన్న బండిల్‌నే ఎంచుకుంటాను. కొత్తగా బిల్డ్ చేయాల్సిన పని లేదు. పంపేముందు పాత నంబర్ నాట్ ఇన్‌క్లూడెడ్ అన్న శీర్షిక కిందికి చేరిందో లేదో చూస్తాను. చేరకపోతే ఆ రిలీజ్ వల్ల ఉపయోగం లేదు. ఆపై 100 శాతానికి రోలౌట్. ఇదంతా అయ్యాక, అక్కర్లేని ట్రాక్‌ను పాజ్ చేస్తాను. పాత బండిల్ లోపల ఉండగానే పాజ్ ఒక్కటే కొట్టి వదిలేయడం నాకు ఇష్టం లేదు. రేపు ఇంకెవరో రెజ్యూమ్ నొక్కితే కథ మొదటికొస్తుంది.

ట్రాక్‌లన్నిటినీ ఒకేసారి సరిచేసి ఒకేసారి రివ్యూకు పంపండి. ఒకటి సరిచేసి పంపి, ఫలితం చూసి, ఇంకోటి సరిచేద్దామంటే ప్రతి రౌండుకూ రోజులు పోతాయి. నాకు రెండు వారాలు పోయాయి. యజమానికి కారణం చెప్పేటప్పుడు "పాత ఫైల్ ఒకటి అడ్డం పడింది" అన్నాను, మూడు మెయిళ్లు చదవలేదని చెప్పలేదు.

ఆ పాత వెర్షన్ నిజంగానే కావాలంటే, ఫారంలోనే అది సేకరించేది కూడా చేర్చండి. అదీ సరైన మార్గమే. కానీ పదకొండు మంది టెస్టర్ల కోసం లక్షల మందికి కనిపించే పేజీని పాడుచేసుకోవడం దేనికి?

లక్షణం 3: ఫారం మార్చారు, అయినా స్టోర్ పేజీలో పాత వివరాలే

సేవ్ నొక్కి వచ్చేశారు, అంతే. పబ్లిషింగ్ ఓవర్‌వ్యూకి వెళ్లి చూడండి, మీ మార్పు అక్కడ రివ్యూకు పంపకుండా పడి ఉంటుంది. మేనేజ్డ్ పబ్లిషింగ్ ఆన్‌లో ఉంటే, ఆమోదం వచ్చాక మీరు పబ్లిష్ కూడా నొక్కాలి.

లక్షణం 4: లొకేషన్ విషయంలో మెయిల్

పంచాంగం యాప్‌నే తీసుకోండి. సూర్యోదయం, రాహుకాలం ఊరిని బట్టి మారతాయి కాబట్టి లొకేషన్ అడుగుతుంది. ఆ లెక్క ఫోన్‌లోనే కట్టి, ఏదీ బయటికి పంపకపోతే మీ కోడ్ తరఫున చెప్పాల్సింది లేదు. అదే అక్షాంశ రేఖాంశాలను సర్వర్‌కు పంపి సమయాలు తెచ్చుకుంటే చెప్పాలి. ఎంత కచ్చితంగా అన్నదానికి కొలత ఉంది: 3 చదరపు కిలోమీటర్ల కంటే చిన్న విస్తీర్ణానికి గురిపెట్టేది ప్రిసైస్, అంతకన్నా పెద్దది అప్రాక్సిమేట్. తెనాలిలో ఉన్నాడో గుంటూరులో ఉన్నాడో తెలిస్తే చాలు కదా, మరి ఆరు దశాంశ స్థానాల దాకా పంపడమెందుకు? ఫోన్‌లోనే అంకెలను కుదించి పంపండి, ఫారం కూడా తేలికవుతుంది.

సర్వర్ మెమరీలో క్షణం ఉంచి, జవాబిచ్చి వదిలేస్తున్నాం అంటే దాన్ని ఎఫిమెరల్ అంటారు. ఫారంలో మాత్రం చెప్పాల్సిందే, స్టోర్ పేజీలో కనిపించదు. సర్వర్ లాగ్‌లో ఆ రిక్వెస్ట్ అడ్రస్ మొత్తం పడుతుంటే అది ఎఫిమెరల్ కాదు. లాగ్ చూసి చెప్పండి.

లక్షణం 5: ప్రైవసీ పాలసీ లేదా డిలీషన్ లింకు

ఏమీ సేకరించని యాప్‌కైనా పాలసీ లింకు తప్పనిసరి. పీడీఎఫ్ కుదరదు, ఎవరైనా మార్చగల డాక్యుమెంట్ కుదరదు, కొన్ని దేశాల్లోనే తెరుచుకునేది కుదరదు. స్టోర్ పేజీలో ఉన్న యాప్ పేరో, డెవలపర్ పేరో పాలసీలో ఉండాలి. ఇంకో యాప్ నుంచి కాపీ కొట్టి పేరు మార్చడం మర్చిపోయినవాళ్లను చూశాను. అకౌంట్ తెరిచే వీలున్న యాప్ అయితే, అకౌంట్ తొలగించే దారి యాప్ లోపలా ఉండాలి, బయట వెబ్‌లో లింకూ ఉండాలి. ఆ లింకు లాగిన్ పేజీకి తీసుకెళ్లి వదిలేయకుండా, ఏం చేయాలో అక్కడే కనిపించాలి.

ఇక అరుదైనవి

మీ యాప్ లోపల వెబ్‌వ్యూలో (యాప్‌లోనే వెబ్ పేజీ చూపే భాగం) మీ సొంత సైటే తెరుస్తూ, ఆ సైట్లో అనలిటిక్స్ ఉంటే అదీ లెక్కలోకి వస్తుంది. వాడకందారు ఎక్కడికైనా తిరగగల బ్రౌజర్ అయితే రాదు.

ఏ లైబ్రరీ పంపుతోందో ఎంతకీ తేలకపోతే ఎమ్‌ఐటీఎమ్ ప్రాక్సీ (ఫోన్‌కూ ఇంటర్నెట్‌కూ మధ్య నిలిచి రాకపోకలు చూపే సాధనం) పెట్టి ట్రాఫిక్ చూడండి. ఆండ్రాయిడ్ 7 నుంచి యాప్‌లు అందుకోసం మనం ఫోన్‌లో పెట్టిన సర్టిఫికెట్‌ను మామూలుగా నమ్మవు, డీబగ్ బిల్డ్‌లో నెట్‌వర్క్ సెక్యూరిటీ కాన్ఫిగ్‌లో అనుమతించాలి. నాకు ఇక్కడిదాకా రావాల్సిన అవసరం రెండుసార్లే పడింది.

ఐఫోన్ వెర్షన్ కూడా ఉంటే ఆ టిక్కులను యథాతథంగా ఇక్కడ దించకండి. ఆపిల్ ప్రైవసీ లేబుల్‌లో ప్రశ్నలు వేరు, నిర్వచనాలు వేరు.

ఇవేవీ కావని తేలి, మెయిల్‌లోని వెర్షన్ ఏ ట్రాక్‌లోనూ నిజంగా లేకపోతే అప్పుడు అప్పీల్ చేయండి. అందులో ఆ వెర్షన్ కోడ్, ప్రతి ట్రాక్‌లో ఇప్పుడున్న వెర్షన్ కోడ్ రాసి పెట్టండి. నాకు స్క్రీన్‌షాట్ పంపేటప్పుడు కూడా అవే కావాలి.