పొట్టేలు పిల్లల మేత: మొదటి 15 రోజులు తొందరపడకండి

మా అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు సంతలో పొట్టేలు పిల్లల్ని కొనుక్కొచ్చి, మూడు నాలుగు నెలలు దొడ్లో మేపి అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నన్ను అడిగేది ఒకటే, ఏ దాణా పెడితే తొందరగా బరువొస్తుందన్నా అని. దాణా సంగతి చెప్తాను కానీ అంతకంటే ముందు ఒక మాట. బయట బీళ్లలో తిరిగి మేసిన పిల్లను తెచ్చి, వచ్చిన రోజే తొట్టినిండా మొక్కజొన్న పోస్తే అది బరువు పెరగదు, చచ్చిపోతుంది.

నాకు మొదటి ఏడాది జరిగింది ఇదే. 20 పిల్లల్ని తెచ్చాను, దాణా అమ్మినాయన బాగా పెట్టు బాగా పెరుగుతాయి అన్నాడు, నేనూ అట్లే పెట్టాను. మూడో రోజు తెల్లారి పోయి చూస్తే మూడు పిల్లలు పొట్టలు ఉబ్బి పడున్నాయి. ముందురోజు సాయంత్రం వరకు అవి గంతులేస్తా ఉన్నవే. తర్వాత పశువుల డాక్టరు చెప్తే అర్థమైంది. గొర్రె పొట్టలో గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు వేరు, గింజను అరిగించేవి వేరు, ఈ రెండోవి పెరగడానికి రెండు వారాలు పడుతుంది. అప్పటిదాకా ఆగకుండా గింజ ఎక్కువ పడితే పొట్టలో ఆమ్లం పెరిగిపోతుంది, లేదా పేగుల్లో విషం పుట్టి చిటుక రోగం వస్తుంది. బాగా తిని పుష్టిగా ఉన్న పిల్లే ముందు పోతుంది.

కాబట్టి తెచ్చిన రోజు నీళ్లు, వేరుశనగ కట్టె (కాయలు తీసేసిన ఎండు మొక్క), అంతే. రెండు మూడు రోజులు అలసట తీరనివ్వండి. ఆ వారంలోనే పిల్ల బరువును బట్టి నట్టల (కడుపులో పురుగుల) మందు తాగించండి, చిటుక రోగం టీకా వేయించి రెండు వారాలకు రెండో డోసు కూడా వేయించండి (ఈ రెండో డోసును చాలామంది మరిచిపోతారు), నాలుగు నెలలు దాటినవాటికి పీపీఆర్ (పారుడు రోగం) టీకా పడిందో లేదో కనుక్కోండి. దాణా తలకు 50 గ్రాములతో మొదలుపెట్టి, రెండు మూడు రోజులకొకసారి ఇంకో 50 పెంచుకుంటూ పోతే పదిహేను రోజులకు 250 గ్రాములకు వస్తారు. మధ్యలో పేడ పలచబడితే పెంచడం ఆపి, సరయ్యేదాకా అదే కొలతలో ఉంచండి. ఎప్పుడైనా కట్టె ముందు, దాణా తర్వాత. ఆకలి మీదున్న పొట్టకు గింజ ముందు పడకూడదు.

దాణా ఇంట్లో కలుపుకుంటేనే గిట్టుబాటు. నేను 100 కిలోలకు కలిపేది ఇది: మొక్కజొన్న నూక 45 కిలోలు, వేరుశనగ చెక్క 20, గోధుమ పొట్టు 20, కంది చున్నీ (పప్పు ఆడించగా మిగిలే పొట్టు, నూక) గానీ శనగ చున్నీ గానీ 12, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1. మాంసకృత్తులు దాదాపు 17 శాతం వస్తాయి, పెరిగే పిల్లకు అది చాలు. మొక్కజొన్న రేటు పెరిగితే కొంత జొన్నలతో సరిపెట్టొచ్చు. నూకగానే ఆడించండి, మెత్తటి పిండి చేస్తే తొందరగా పులిసిపోయి పొట్ట చెడుతుంది, పైగా ముక్కుల్లోకి పోయి దగ్గుతాయి. చెక్క కొనేటప్పుడు విరిచి వాసన చూడండి. ముక్కిపోయిన వాసనొచ్చినా, లోపల పచ్చగానో నల్లగానో బూజు కనిపించినా సగం రేటుకు ఇచ్చినా వద్దు. వేరుశనగ బూజులో ఉండే అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని పాడు చేస్తుంది, పిల్ల తింటానే ఉంటుంది కానీ ఒళ్లు పట్టదు. వానకు తడిసి బూజు పట్టిన కట్టెకూ ఇదే మాట.

తవుడు చవక అని దాణాలో సగం తవుడే వేసేవాళ్లున్నారు. దయచేసి వద్దు. తవుడులో భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ, పొట్టేళ్లలో మూత్రనాళం సన్నగా ఉంటుంది కాబట్టి రాళ్లు కట్టి అడ్డుపడతాయి. పిల్ల మందకు దూరంగా నిలబడి, తోక ఆడిస్తా, ముక్కుతా చుక్క చుక్కగా పోస్తుంటే అది రాళ్ల లక్షణమే, ఆ రోజే డాక్టరుకు చూపించాలి. ఒక పొట్టేలు అట్లా బాధపడటం చూసినవాళ్లెవరూ మళ్లీ ఆ తప్పు చేయరు. 100 కిలోల దాణాలో ఒక కిలో సున్నపురాయి పొడి కలపడం, ఉప్పు మానకుండా వేసి నీళ్లు బాగా తాగేట్టు చూడడం, ఈ రెండూ చాలావరకు కాపాడతాయి.

మన జిల్లాల్లో ఎండుమేతకు కొదవ లేదు. వేరుశనగ కట్టె అన్నిటికంటే మేలు, ఆకు రాలకుండా ఆరబెట్టి వామి వేసుకున్నదైతే పిల్లలు పుల్ల మిగల్చవు. కర్నూలు వైపు శనగ పొట్టు, కంది పొట్టు దొరుకుతాయి, అవీ మంచివే. జొన్న చొప్ప అయితే చాఫ్ కట్టర్‌లో ముక్కలు చేసి పెట్టండి, నిలువు చొప్ప వేస్తే ఆకు తిని మిగతాదంతా కాళ్ల కింద తొక్కేస్తాయి. పచ్చిమేతకు బోరు కింద పది సెంట్లున్నా దశరథ గడ్డి వేసుకోండి, గట్ల మీద అవిసె, సుబాబుల్ పెట్టుకోండి. సుబాబుల్ ఒక్కటే పెట్టకండి, పచ్చిమేతలో మూడో వంతు దాటితే వెంట్రుక రాలడం మొదలవుతుంది. ఇంకొకటి, కోసిన జొన్న మోళ్లకు వానపడి లేచిన పిలకల్లో నాము అనే విషం ఉంటుంది, మందను అటు పోనివ్వకండి.

కొలతకొస్తే, 15 కిలోల పిల్లకు రోజుకు దాణా 250 గ్రాములు, కట్టె 200 గ్రాములు, పచ్చిమేత కిలో నుంచి కిలోంబావు. 25 కిలోలకు వచ్చేసరికి దాణా 400, కట్టె 350, పచ్చిమేత కిలోన్నర. దీన్ని పొద్దున ఆరుకు సగం, సాయంత్రం ఐదు దాటాక సగం పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, పగటిపూట అవి మేత ముట్టవు. నీళ్ల తొట్టి నీడలో ఉండాలి, రోజూ కడగాలి, పాచి పట్టిన నీళ్లు తాగక మేత తగ్గించుకుంటాయి. తొట్టి దగ్గర అన్నీ ఒకేసారి నిలబడేంత చోటు లేకపోతే బలమైనవి రెండింతలు తిని పొట్ట చెడగొట్టుకుంటాయి, బక్కవి అట్లే ఉండిపోతాయి, అందుకే సైజును బట్టి రెండు గుంపులు చేసుకోండి. విత్తులు కొట్టించాల్సిన పని లేదు, కొట్టించనివే వేగంగా పెరుగుతాయి.

ఎప్పుడైనా పిల్ల మూట విప్పుకొని దాణా మెక్కేస్తే, ఎడమ పక్క పొట్ట ఉబ్బి నెమరేయడం మానేస్తే, 15 గ్రాముల వంట సోడా నీళ్లలో కలిపి మెల్లగా తాగించి వెంటనే 1962కు ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది. రాత్రంతా చూద్దాంలే అనుకుంటే తెల్లారేసరికి ఉండదు.

ఒక వేలాడే కాటా కొనండి. ఇది ఖర్చు అనుకోవద్దు. పదిహేను రోజులకొకసారి, పొద్దున మేత పెట్టకముందే ఒక్కో పిల్లను తూచి నోటు పుస్తకంలో రాసుకోండి. మన నెల్లూరు జోడిపి రకం, గోధుమ రంగు రకం గొర్రె పిల్లలు మంచి మేతకు రోజుకు 100 నుంచి 150 గ్రాములు పెరుగుతాయి. వంద రోజుల్లో 15 కిలోల పిల్ల 27 దాకా వస్తుందని లెక్క. రెండు తూకాల మధ్య కిలో కూడా పెరగని పిల్ల ఉంటే నట్టలో, జబ్బో, తొట్టి దగ్గర చోటు దొరకకపోవడమో ఏదో ఒకటి ఉంటుంది, కనిపెట్టండి. 28, 30 కిలోలు దాటాక పెరిగే వేగం తగ్గి కొవ్వు పడుతుంది, రోజు మేత ఖర్చు కంటే పెరిగే బరువు విలువ తక్కువైన వారమే అమ్మేయాలి.

బక్రీదుకు అమ్మాలనుకుంటే పండగ ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి ముందు క్యాలెండరు చూసి, అక్కడి నుంచి నాలుగు నెలలు వెనక్కి లెక్కేసి పిల్లల్ని కొనండి, పండగ నాటికి వయసు సరిపోయేవే కొనండి. చెవి కోసినవి, కొమ్ము విరిగినవి కొనడానికి ఆ పండగకు జనం వెనకాడతారు, దొడ్లో మొనదేలిన ఇనుప ముక్కలు, ముళ్లతీగ ఉంటే ముందే తీసేయండి. సంతకు తోలేముందు ఇంట్లోనే తూచి బరువు రాసుకుని పోండి, కంటి అంచనా మీద బేరం చేసే దళారి ముందు ఆ కాగితం మీ చేతిలో ఉండాలి.