స్కీమాటిక్ సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకునే ముందు చేయవలసిన పరీక్షలు

స్కీమాటిక్, అంటే ఏ భాగం దేనికి కలుస్తుందో చూపే సర్క్యూట్ బొమ్మ, గీయడానికి సాఫ్ట్‌వేర్‌ను వెతికేవారు చాలామంది మొదట ధర చూస్తారు, ఆ తరువాత తెర మీద బొమ్మ ఎంత అందంగా ఉందో చూస్తారు. ఈ రెండింటినీ చివరికి వదిలిపెట్టమని నా సలహా. ఈ రోజు గీసిన ఫైలు పదేళ్ల తరువాత తెరుచుకుంటుందా, సర్క్యూట్ బోర్డు తయారీకి వెళ్లేలోపు నా పొరపాటును ఇది పట్టుకోగలదా అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికాకే మిగతావి ఆలోచించాలి.

ఫైలు సంగతి ఎంత ముఖ్యమో ఈగిల్ చరిత్ర చూస్తే అర్థమవుతుంది. 1988లో జర్మనీకి చెందిన క్యాడ్‌సాఫ్ట్ విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్‌తో లెక్కలేనంతమంది విద్యార్థులు, అభిరుచితో పనిచేసేవారు తమ మొదటి బోర్డును గీశారు. 2016లో దానిని ఆటోడెస్క్ కొనుగోలు చేసింది. 2026 జూన్ 7 తరువాత దాని అమ్మకాలు, మద్దతు ఉండవని 2023లో ప్రకటించింది. అయినా ఆ పాత డ్రాయింగులు వృథా కాలేదు. ఆరవ వెర్షన్ నుంచి ఈగిల్ తన ఫైళ్లను ఎక్స్‌ఎంఎల్ రూపంలో, అంటే మనిషి కూడా చదవగలిగే పాఠ్యంగా భద్రపరచడం వల్ల వాటిని కైక్యాడ్ వంటి ఇతర సాఫ్ట్‌వేర్లు దిగుమతి చేసుకోగలుగుతున్నాయి. కాబట్టి మీరు పరిశీలిస్తున్న సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న సర్క్యూట్ గీసి, ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. రెసిస్టర్ విలువలు, పిన్ పేర్లు అక్షరాలుగా కనిపిస్తే నిశ్చింతగా ఉండవచ్చు. అలాంటి ఫైలును మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ఉంచితే నిన్నటికీ ఈ రోజుకీ ఏ మార్పు జరిగిందో వరుసవారీగా తెలుస్తుంది. బ్రౌజర్‌లో నడిచే ఈజీఈడీఏ వంటివి వాడేవారు ప్రతి మైలురాయి దగ్గర ఒక ప్రతిని తమ సొంత కంప్యూటర్‌లోకి దించుకోవాలి.

రెండవ పరీక్షకు కావాలని తప్పులు చేయాలి. యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులను 3.3 వోల్టులకు తగ్గించే రెగ్యులేటర్, ఒక మైక్రోకంట్రోలర్, ఒక ఎల్ఈడీ ఉన్న సర్క్యూట్ గీయండి. అందులో రెండు ఔట్‌పుట్ పిన్‌లను ఒకదానితో ఒకటి కలపండి, ఒక ఇన్‌పుట్ పిన్‌ను గాలిలో వదిలేయండి, రీసెట్ లైను లేబుల్‌లో ఒక చోట అక్షరం మార్చండి. ఇప్పుడు ఎలక్ట్రికల్ రూల్స్ చెక్, అంటే ఈఆర్‌సీ నడపండి. ఈ తప్పులలో ఎన్నింటిని పట్టుకుంది, తప్పున్న చోటును నేరుగా చూపిందా, లేక ఏదో సంఖ్య మాత్రం చెప్పి ఊరుకుందా అన్నది గమనించండి. కైక్యాడ్‌లో కొత్తవారికి తరచుగా ఎదురయ్యే హెచ్చరిక ఒకటి ఉంది: పవర్ ఇన్‌పుట్ పిన్‌కు విద్యుత్తు ఇచ్చేది ఏదీ లేదని అది చెబుతుంది. కనెక్టర్ పిన్‌లు సాధారణంగా పాసివ్‌గా, అంటే విద్యుత్తు ఇచ్చేవిగా కాకుండా, నమోదై ఉండటమే దీనికి కారణం. ఆ లైనుకు విద్యుత్తు అందుతుందని చెప్పే పవర్ ఫ్లాగ్ అనే గుర్తు పెట్టి సరిచేయాలి గాని, విసుగుతో హెచ్చరికనే ఆపివేయకూడదు.

అయితే ఈఆర్‌సీకి ఒక హద్దు ఉంది. అది లైబ్రరీలోని సింబల్, అంటే ఒక భాగాన్నీ దాని పిన్‌లనూ చూపే గుర్తు, చెప్పినదే సత్యమని నమ్ముతుంది. ఈ విషయం నాకు నష్టపోయాకే తెలిసింది. 7805 రెగ్యులేటర్‌లో 1వ పిన్ ఇన్‌పుట్, 2వది గ్రౌండ్, 3వది ఔట్‌పుట్. ఏఎంఎస్1117 అనే మరో రెగ్యులేటర్‌లో 1వది గ్రౌండ్, 2వది ఔట్‌పుట్, 3వది ఇన్‌పుట్. వెడల్పాటి లోహపు ట్యాబ్ కూడా ఔట్‌పుట్టే. నేను ఎక్కడి నుంచో దించుకున్న సింబల్‌లో ఏఎంఎస్1117కు 7805 వరుసే ఇచ్చి ఉంది. ఈఆర్‌సీ ఒక్క తప్పూ చూపలేదు. తయారై వచ్చిన పది బోర్డుల్లో ఒక్కదానిలోనూ 3.3 వోల్టులు రాలేదు. అందుకే లైబ్రరీలో ఎన్ని లక్షల భాగాలున్నాయన్న ప్రచారాన్ని నేను పట్టించుకోను. సింబల్‌ను తెరిచి, తయారీదారు ఇచ్చే వివరాల పత్రమైన డేటాషీట్ పక్కన పెట్టుకుని, ప్రతి పిన్ సంఖ్యనూ వేలితో చూపుకుంటూ సరిపోల్చడం, తప్పుంటే అక్కడికక్కడే దిద్దడం ఎంత సులువో చూస్తాను. సరిచూసిన సింబల్‌ను సొంత లైబ్రరీలో దాచుకునే వీలు తప్పనిసరి. కోఠీ గుజరాతీ గల్లీలోనో మరో దుకాణంలోనో భాగం కొనేవారు చేతికి వచ్చిన దాని మీది పూర్తి సంఖ్యను కూడా అదే డేటాషీట్‌తో పోల్చుకోవాలి.

ఇక ధర. విద్యార్థులకు, చిన్న సంస్థలకు నేను కైక్యాడ్‌నే సూచిస్తాను. 1992లో ఫ్రాన్స్‌లో జాన్-పియెర్ షారా మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం, దాని సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. 2013 నుంచి సెర్న్ పరిశోధన సంస్థ కూడా దాని అభివృద్ధికి తోడ్పడింది. ఉద్యోగం చేసే చోట ఆల్టియమ్ లేదా ఆర్‌క్యాడ్ వంటి వాణిజ్య సాఫ్ట్‌వేర్ వాడుతుంటే అదే నేర్చుకోవడం మంచిది, ఎందుకంటే బృందమంతా ఒకే ఫైలు మీద పనిచేయాలి. బృందంలో వెర్షన్ కూడా ఒకటే ఉండాలి: కైక్యాడ్ కొత్త వెర్షన్‌లో భద్రపరచిన ఫైలు పాత వెర్షన్‌లో సాధారణంగా తెరుచుకోదు. ప్రాజెక్టు నడుమ వెర్షన్ మార్చక తప్పకపోతే, ముందుగా మొత్తం ఫోల్డర్‌ను వేరే చోట నకలు తీసి, స్కీమాటిక్ పీడీఎఫ్‌నూ భాగాల జాబితానూ దాని పక్కనే ఉంచి, ఆ తరువాతే కొత్తదానిలో తెరవండి.