దొడ్డికి ఆగకపోతే – నాలుగో పాఠం: చికిత్సలను పోల్చేదెట్లా?

పోయిన పాఠంలో రాయమన్న నోటుబుక్కు ముందేసుకోండి. ఎప్పుడు జారింది, గట్టిగానా నీళ్లగానా, ముందు తెలిసిందా, తెలియకుండానే బట్టకు అంటిందా – ఈ నాలుగూ ఉంటే చాలు. ఆపరేషన్ లేని చికిత్సల్లో ఏది మీకు పనికొస్తుందో ఇవాళ ఆ పేజీల్లోంచే చూద్దాం.

హనుమకొండలో ఒక అవ్వ ఉందనుకోండి. వారం నుంచి దొడ్డికి సరిగా రావట్లేదు, కానీ రోజూ కొంచెం కొంచెం నీళ్లలా జారుతోంది. ఇంట్లోవాళ్లు విరేచనాలు అనుకుని మెడికల్ షాపు నుంచి అవి ఆపే లోపెరమైడ్ మాత్ర తెచ్చి వేస్తారు. లోపల గట్టిపడి ఇరుక్కున్న మలం పక్కనుంచి నీళ్లు దిగుతున్నప్పుడు ఆ మాత్ర ఇంకా బిగిస్తుంది. ఆమెకు ముందు తీరాల్సింది మలబద్ధకం.

అదే మాత్ర ఇంకొకరికి అక్కరకొస్తుంది. పొద్దున రెండు చాయ్‌లు తాగి నర్సంపేట బస్సెక్కి, దారిలో ఆగదేమోనని టెన్షన్ పడే పెద్దాయన ఉన్నాడు. ఆయనకు ఎప్పుడూ పల్చగానే అవుతుంది. డాక్టరు చెప్పిన మోతాదులో బయల్దేరే ముందు వేసుకుంటే ప్రయాణం సాగుతుంది. చాయ్ తగ్గిస్తే ఇంకా మంచిది, అది ఆయన వినడు.

మరి ఇసబ్గోల్ పొట్టు? 2015లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో ఒకే మనుషులకు కొన్నాళ్లు ఇది, కొన్నాళ్లు లోపెరమైడ్ ఇచ్చి చూశారు. రెండింటితోనూ జారడం తగ్గింది, ఏదీ రెండోదాన్ని మించలేదు. మలబద్ధకం మాత్రం లోపెరమైడ్‌తోనే ఎక్కువ. అందుకే పల్చగా అయ్యేవారికి నా ఓటు ముందు ఇసబ్గోల్‌కే. గ్లాసు నిండా నీళ్లలో కలిపి వెంటనే తాగాలి. నీళ్లు తక్కువైతే గొంతులో పట్టేస్తుంది.

ఇప్పుడు కొంచెం కష్టమైన లెక్క. మలద్వారం చుట్టూ జెల్ సూది వేసే పద్ధతి ఒకటుంది, దానికి అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది. ఆ ఏడే అచ్చయిన పరీక్షలో, సూది వేయించుకున్నవాళ్లలో 52 శాతం మందికి జారడం సగానికి సగమైనా తగ్గింది. బాగుంది కదా? ఆగండి. జెల్ లేకుండా ఉత్తుత్తి సూది వేసినవాళ్లలోనూ 31 శాతం మందికి అంతే తగ్గింది. అంటే జెల్ ఖాతాలో వేయాల్సింది ఆ 52 మొత్తం కాదు, మధ్యలో ఉన్న 21. కాలి నరానికి కరెంటు ఇచ్చే చికిత్సను కూడా 2015లో ఇట్లాగే ఉత్తుత్తి కరెంటుతో పోల్చారు. ముందుగా అనుకున్న ప్రధాన కొలతలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎవరైనా "దీనితో తగ్గింది" అంటే, "దేనికంటే?" అని అడగండి.

కండరాల కసరత్తు, తెర మీద చూస్తూ కండరం బిగించడం నేర్పే బయోఫీడ్‌బ్యాక్ వచ్చే పాఠంలో.

ఈ వారం పని: ఒక్క మార్పే చేసి నోటుబుక్కు నడపండి. రెండు మందులు ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేసిందో తేలదు. రక్తం పడినా, బరువు తగ్గినా పాఠం పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి. కాళ్ల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం రాకపోయినా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.