బొగ్గు బెల్టు షట్‌డౌన్ నేర్పే వీఆర్ పాఠం తయారు చేసే పద్ధతి

రామగుండం, జైపూర్, భూపాలపల్లి థర్మల్ కేంద్రాల్లో అయినా, సింగరేణి బొగ్గు హ్యాండ్లింగ్ ప్లాంట్లలో (సీహెచ్‌పీల్లో) అయినా బొగ్గు కదిలేది బెల్టుల మీదే. బెల్టు వెనక చివర తిరిగే డ్రమ్ము, అంటే టెయిల్ పుల్లీ కింద బొగ్గు పేరుకుంటుంది. దాన్ని తీయడానికి బెల్టు పక్కన కట్టిన అత్యవసర తాడు (పుల్‌కార్డ్) లాగి బెల్టు ఆపి, ఇక భయం లేదనుకుని చెయ్యి పెడతారు. ప్రాణాలు పోయేది ఇలాంటి చోటే. ఈ ఒక్క పనికి, అంటే బెల్టును పూర్తిగా షట్‌డౌన్ చేసి పని ముగించి తిరిగి అప్పగించడానికి, వీఆర్ (కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని చూసే వర్చువల్ రియాలిటీ) పాఠం ఎలా తయారు చేయాలో చూద్దాం. ప్లాంటు మొత్తం చూపించే పాఠం కంటే ఒక్క పనిని గట్టిగా నేర్పే పన్నెండు నిమిషాల పాఠం చాలా మేలు.

కంప్యూటర్ తెరిచే ముందు సేఫ్టీ ఆఫీసరును, ఎలక్ట్రీషియన్‌ను, బెల్టు దగ్గర ఏళ్లుగా పనిచేసే మనిషిని ఒకచోట కూర్చోబెట్టండి. కాగితం మీద ఎడమ పక్క సరైన పని, కుడి పక్క ఆ చోట మనిషి చేసే తప్పు రాయండి. వరుస సుమారుగా ఇలా వస్తుంది:

1. కంట్రోల్ రూముకు చెప్పి పర్మిట్ తీసుకోవడం (కొన్నిచోట్ల ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ అంటారు).
2. బెల్టు మీది బొగ్గు ఖాళీ అయ్యాక ఆపించడం.
3. ఎంసీసీ రూములో (మోటార్లకు కరెంటు ఇచ్చే ప్యానెళ్ల గది) ఆ బెల్టు ఫీడర్ (మోటారుకు కరెంటు పంపే లైను) బ్రేకర్ ఆఫ్ చేయించి, రాక్ ఔట్ చేయించడం, అంటే బ్రేకర్‌ను ప్యానెల్ నుంచి బయటికి లాగించడం.
4. పనిలోకి దిగే ప్రతి మనిషీ తన తాళం తానే వేసి, ట్యాగ్ కట్టి, తాళంచెవి తన జేబులోనే పెట్టుకోవడం.
5. బెల్టు దగ్గరికి వచ్చి స్టార్ట్ బటన్ నొక్కి, కదలడం లేదని చూసుకోవడం.
6. టేకప్ కౌంటర్‌వెయిట్‌ను (బెల్టును బిగువుగా ఉంచే వేలాడే బరువు) కదలకుండా బిగించడం.
7. అప్పుడే గార్డు (పుల్లీకి అడ్డుగా బిగించిన జాలీ) విప్పడం.

తిరిగి అప్పగించేటప్పుడు పనిముట్లు, మనుషులు బయటికి వచ్చారా అని చూడటం, గార్డు బిగించడం, ఎవరి తాళం వారే తీయడం, పర్మిట్ సరెండర్, హూటర్ మోగాక స్టార్ట్.

కుడి పక్క రాసినవే పాఠానికి ప్రాణం. పుల్‌కార్డ్ తెంచేది కంట్రోల్ సర్క్యూట్‌ను (మోటారును ఆన్, ఆఫ్ చేయించే వైరింగు) మాత్రమే, ఫీడర్ దాకా వచ్చే కరెంటు అలాగే ఉంటుంది. ఎవరైనా లీవర్ రీసెట్ చేస్తే బెల్టు మళ్లీ లేవొచ్చు. కరెంటు పూర్తిగా తీసినా కౌంటర్‌వెయిట్ బరువుతో బెల్టులో బిగువు మిగిలే ఉంటుంది. ఏటవాలు బెల్టు మీద బొగ్గు ఉంటే వెనక్కి జారగలదు. ఇంకో తప్పు: చాలా ప్లాంట్లలో పక్కపక్కనే ఏ, బీ అని జంట బెల్టులు ఉంటాయి. 2ఏ బదులు 2బీ ఫీడర్‌కు తాళం వేసి వచ్చేస్తారు. అందుకే మీ మోడల్లో రెండు బెల్టులూ, రెండు ఫీడర్లూ తప్పక ఉండాలి. ఒక్కటే పెడితే తప్పు చేసే అవకాశమే పోయి, నేర్చుకునేదేమీ మిగలదు.

ఇక్కడే చాలామంది డిజైనర్లు దారి తప్పుతారు. నొక్కాల్సిన బటన్ చుట్టూ పచ్చ వెలుగు పెట్టి, తప్పు చోట చేయి వేస్తే వస్తువు కదలకుండా ఆపేస్తారు. మనిషి వెలుగు వెంట నడవడం నేర్చుకుంటాడు. రేపు అసలు ఎంసీసీలో ఆ వెలుగు ఉండదు. మొదటి సారికి మాత్రమే వెలుగు ఇవ్వండి, రెండోసారి గొంతుతో సూచన, మూడోసారి ఏదీ వద్దు. తప్పు తాళం వేస్తే వేయనివ్వండి. స్టార్ట్ బటన్ నొక్కి చూసినప్పుడు బెల్టు లేస్తుంది, గుండె జల్లుమంటుంది, ఆ ఐదో మెట్టు ఎందుకు ఉందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. తప్పు తాళం వేసి, ఐదో మెట్టూ వదిలేసి చెయ్యి పెట్టినవాళ్లకు బెల్టు ఒక్కసారి కదలాలి, చేతిలోని కంట్రోలర్ అదరాలి, తెర నల్లబడాలి. రక్తం, గాయం చూపించొద్దు. తోటివాడి ప్రమాదం కళ్లారా చూసినవాళ్లు ఆ గదిలో ఉండొచ్చు. వెంటనే ఏ మెట్టు దగ్గర తప్పిందో చెప్పి, అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టించండి.

కొలతలకు షట్‌డౌన్ రోజునే వెళ్లండి, ఫొటోలకు రాతపూర్వక అనుమతి తీసుకోండి. వాక్‌వే వెడల్పు, పుల్‌కార్డ్ ఎత్తు, ఎంసీసీ ప్యానెళ్ల వరుస, వాటి మీద పెయింటుతో రాసిన పేర్లు ఉన్నవి ఉన్నట్టు రాసుకోండి. భూగర్భ గనిలోకైతే ఫోను, కెమెరా, హెడ్‌సెట్ ఏదీ తీసుకెళ్లకూడదు. మీథేన్ ఉండే చోట మామూలు బ్యాటరీ పరికరం నిప్పురవ్వతో సమానం. టేపు, పెన్సిలు, సర్వే విభాగం ప్లాను చాలు.

మోడల్ బరువు విషయం, అంటే దాన్ని గీయడానికి హెడ్‌సెట్ మీద పడే భారం. బెల్టు పైవైపు రోలర్ల సెట్లు సుమారు మీటరుకొకటి ఉంటాయి, సెట్టుకు మూడు. 200 మీటర్ల బెల్టుకు 600 రోలర్లు. కంప్యూటర్ ఏ ఆకారాన్నైనా చిన్న త్రిభుజాలతోనే గీస్తుంది, ఒక్కోదానికి 500 త్రిభుజాలు వేసినా 3 లక్షలు అక్కడే అయిపోతాయి. క్వెస్ట్ 3 లాంటి, కంప్యూటర్ లేకుండా నడిచే విడి హెడ్‌సెట్లో 72 హెర్ట్జ్‌కు (సెకనుకు 72 ఫ్రేములు) ఒక ఫ్రేముకు దొరికే సమయం 13.9 మిల్లీసెకన్లు. అది దాటితే దృశ్యం కుదుపుతుంది, తల తిరుగుతుంది. దగ్గరి 15 మీటర్లకే పూర్తి రోలర్లు పెట్టి, ఆ పైన సాదా ఆకారాలు వాడండి. ఒకే రకం రోలర్లన్నీ ఇన్‌స్టాన్సింగ్‌తో (ఒక్క నమూనానే అన్నిచోట్లా గీసే పద్ధతి) గీయించండి. నీడలు ముందే బేక్ చేయండి, అంటే లెక్కగట్టి బొమ్మలో కలిపేయండి. బెల్టు కదలికకు ఫిజిక్స్ వద్దు, టెక్స్చర్ (పైన అతికించిన బొమ్మ) జరిపితే చాలు. కానీ వేగం లెక్క తప్పకూడదు: బెల్టు సెకనుకు 2 మీటర్లు నడిస్తే, 127 మిల్లీమీటర్ల రోలర్ సెకనుకు సుమారు 5 చుట్లు తిరగాలి. రోజూ ఆ బెల్టు పక్కన నడిచేవాడి కళ్లకు ఈ తేడా ఇట్టే దొరుకుతుంది. ఆపగానే టక్కున నిలబెట్టొద్దు, చప్పుడుతో పాటు మెల్లగా తగ్గనివ్వండి.

తెలుగు అక్షరాలు ఇంకో పెద్ద చిక్కు. వీఆర్ తయారీకి వాడే యూనిటీ సాఫ్ట్‌వేర్లో అక్షరాలు చూపించడానికి అందరూ వాడే టెక్స్ట్‌మెష్ ప్రో తెలుగు ఒత్తులను కలపదు. ‘స్విచ్’ అని టైప్ చేస్తే స కింద వత్తు చేరదు, స్ విడిగా, వి విడిగా నిలబడతాయి. హెచ్చరిక బోర్డు మీద అలా కనిపిస్తే చదివేవాడికి పాఠం మీదే నమ్మకం పోతుంది. అలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ గోడో 4 తెలుగును సరిగ్గా కలుపుతుంది. యూనిటీలోనే ఉండాలంటే ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్లో అక్షరాలు పేర్చి పీఎన్‌జీ బొమ్మలుగా అతికించండి. రెండు మీటర్ల దూరంలోని బోర్డు మీద ఒక్కో వరుస కనీసం 7 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. గుడి, దీర్ఘం, ఒత్తు అన్నీ ఆ ఎత్తులోనే ఇమడాలి కాబట్టి ఇంగ్లిష్‌కు సరిపోయే సైజు తెలుగుకు చాలదు.

అయినా చదివించడం కంటే వినిపించడం మంచిది. గొంతు టీవీ యాంకరుది వద్దు. షిఫ్టులో ఫోర్‌మన్ మాట్లాడినట్టు, ‘బ్రేకర్ తీసిన్రా? తాళం ఎవరిది?’ అన్నట్టు ఉండాలి. ఉత్తరాది కాంట్రాక్టు కూలీలూ ఉంటారు కాబట్టి ప్రతి వాక్యాన్నీ విడి ఫైలుగా ఉంచి, హిందీని పక్కనే చేర్చే వీలు వదలండి.

నడక కోసం కంట్రోలర్ మీది స్టిక్ నెట్టి జరిపే పద్ధతి వాడొద్దు. మొదటిసారి పెట్టుకున్న చాలామందికి కాసేపట్లోనే వాంతి వచ్చినట్టవుతుంది. వాక్‌వే మీద మాత్రమే టెలిపోర్ట్ (చూపించిన చోటికి ఒక్కసారిగా చేరడం), 30 డిగ్రీల చొప్పున తిరగడం పెట్టండి. బెల్టు దాటే చోట క్రాస్‌ఓవర్ మెట్ల మీదుగా తప్ప టెలిపోర్ట్ పడకూడదు. పడితే బెల్టు మీంచి దాటడం మీరే నేర్పినట్టు.

గది కనీసం 3 మీటర్లకు 3 మీటర్లు ఉండాలి. ఏప్రిల్, మే ఎండల్లో ఏసీ లేకపోతే హెడ్‌సెట్ వేడెక్కి నెమ్మదిస్తుంది. కిటికీ ఎండ లెన్సు మీద పడితే లోపలి తెర కాలిపోతుంది. కాబట్టి వాడనప్పుడు లెన్సులు కిందికి పెట్టి మూత వేయండి. లెన్సులను పొడి మైక్రోఫైబర్ గుడ్డతోనే తుడవాలి, శానిటైజర్ తగలనీయొద్దు. ముఖానికి తగిలే ప్యాడ్ తుడవడానికి వీలైనది కావాలి, మనిషి మనిషికీ తుడవాలి. ట్రైనింగ్ సెంటర్లో నెట్ ఉంటుందని నమ్ముకోకుండా అంతా ఆఫ్‌లైన్లో నడిచేలా కట్టండి.

పరీక్షించేటప్పుడు కంప్యూటర్ వచ్చిన కుర్రాళ్లను కాదు, షిఫ్టు దిగిన హెల్పర్లను ఐదారుగురిని కూర్చోబెట్టండి. ఏమీ చెప్పకుండా పక్కన నిలబడి చూడండి. ఇద్దరు ఒకే చోట ఆగిపోతే లోపం మీ డిజైన్‌ది. ప్రతి ప్రయత్నానికీ ఏ మెట్టు, ఏ వరుసలో, ఎన్ని సెకన్లకు, ఏ తప్పు అని ఒక సీఎస్‌వీ ఫైలులో రాయించండి. పేరు బదులు వరుస సంఖ్య వాడండి, అది జీతానికో చార్జిషీటుకో ముడిపడుతుందని తెలిస్తే ఎవరూ తప్పు చేసి నేర్చుకోరు. ఈ పాఠం నియమాల ప్రకారం ఇచ్చే వృత్తి శిక్షణకు తోడు మాత్రమే. వీఆర్‌లో వరుస తప్పకుండా చేసిన మనిషిని అదే వారంలో అసలు ఎంసీసీకి తీసుకెళ్లి, ఎలక్ట్రీషియన్ పక్కనుండగా అసలు తాళంతో ఒకసారి చేయించండి. ప్లాంటులో ఫీడర్ పేరు మారితే మోడల్లోనూ అదే రోజు మార్చండి.