పాత నాణెం మీది తేడా టంకశాల పొరపాటా, తర్వాత తగిలిన దెబ్బా, దొంగ నాణెమా? తేల్చుకోవడం ఎలా?

చెన్నై షావుకారుపేటలో మింట్ స్ట్రీట్ ఉంది. ఈస్టిండియా కంపెనీ టంకశాల పోయినా దాని పేరు ఆ వీధికి మిగిలింది. ఆ చుట్టుపక్కల వెండి కొట్లకు నలిగిన రూపాయి పట్టుకొచ్చి "ఎర్రర్ కాయిన్ (టంకశాల పొరపాటుతో వచ్చిన నాణెం) అండీ, లక్షల్లో పోతుందట" అనేవాళ్లకు కొదవ లేదు. చాలావరకు అవి సుత్తి దెబ్బలు, లేకపోతే కంసాలి టంకాలు.

కావలసినవి నాలుగే: పది రెట్లు పెంచి చూపే భూతద్దం, 0.01 గ్రాము వరకు చూపే చిన్న తూకం, గాజు గ్లాసు, దారం. ఫోన్ కెమెరాలో జూమ్ చేసి చూడటం చూపు కిందకే రాదు. వెలుగు పక్క నుంచి, ఏటవాలుగా పడాలి. పొద్దున పూట కిటికీ దగ్గర కూర్చోండి. ట్యూబ్‌లైట్ కింద చూసి తీర్పు చెప్పేవాళ్ల మాట పట్టించుకోకండి.

నాణేన్ని కడగొద్దు. పూజలో పెట్టిన విక్టోరియా రూపాయిని చింతపండుతో తోమి తళతళలాడించడం మన ఇళ్లలో అలవాటే. దాంతో పసుపు కుంకుమలతో పాటు చూడాల్సిన ఆనవాళ్లు కూడా పోతాయి.

ముందు తూకం. 1862 నుంచి వచ్చిన బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి 11.66 గ్రాములుండాలి. అరిగితే కాస్త తగ్గుతుంది, పెరగడం మాత్రం ఉండదు. పెరిగితే దొంగదైనా అయ్యుండాలి, టంకమైనా అంటుకుని ఉండాలి.

తర్వాత నీళ్ల పరీక్ష. గ్లాసులో నీళ్లు పోసి తూకం మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని దారంతో కట్టి, అడుగుకూ గోడకూ తగలకుండా పూర్తిగా ముంచండి. తూకం ఎంత చూపిస్తే, నాణెం బరువును దానితో భాగించండి. 917 వెండి (వెయ్యి పాళ్లలో 917 వెండి) అయితే 10.3 దరిదాపుల్లో వస్తుంది. వెండి పూత పూసిన ఇత్తడైతే 8.5 దరిదాపుల్లోనే ఆగిపోతుంది. బల్ల మీద కొట్టి మోత వినే పద్ధతిని పెద్దవాళ్లు మెచ్చుకుంటారు కానీ నాకు నమ్మకం లేదు. నెర్రె ఉంటే అసలుది కూడా మూగగానే పలుకుతుంది, వెండితోనే చేసిన దొంగది గంటలా మోగుతుంది. అయస్కాంతం కూడా తెలిసి వాడాలి. 1947 రూపాయలు నికెల్‌వి, అవి అంటుకునే తీరాలి. అంటుకున్నాయని దొంగవి అనుకుంటే మంచివాటిని పారేసుకున్నట్టే.

ఇక అందరూ బోల్తా పడేది టంకశాల తప్పునూ తర్వాతి దెబ్బనూ వేరు చేసే దగ్గర. ఇక్కడ తొందర పనికిరాదు. వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఈ లోహం ఎప్పుడు కదిలింది? ముద్ర పడేటప్పుడా, పడ్డాకా?

గీతతో మొదలుపెట్టండి. అచ్చు పగిలితే ఆ పగులులోకి లోహం ఎక్కి నాణెం మీద ఉబ్బెత్తు గీతగా నిలుస్తుంది. తర్వాత పడ్డ గీత లోపలికి తెగుతుంది, దాని ఒడ్డున లోహం పైకి లేచి ఉంటుంది. వేలిగోటితో కాదు, భూతద్దంతో చూడండి. నూనె మడ్డి అచ్చులో పేరుకుంటే అక్షరం మసకబారుతుంది కానీ ఆ చోట ఉపరితలం చెక్కుచెదరదు. ఆకురాయితో రుద్దిన చోట సన్నని సమాంతర చారలు కనిపిస్తాయి.

అంచు కొరికినట్టు ఉందా? ముద్ర వేయబోయే వట్టి బిళ్లలు కత్తిరించేటప్పుడే రేకు మీద ఒకదానిపై ఒకటి పడి తెగితే, ఆ కోతకు సరిగ్గా ఎదురుగా ఉన్న గట్టు బలహీనంగా, పల్చగా ఉంటుంది. కత్తెరతో కోసినదానికి ఎదురు గట్టు నిక్షేపంగా ఉంటుంది. ఎవరూ చూడని ఈ చోటే నేను మొదట చూస్తాను.

ముద్ర తిరగబడి గుంటగా కనిపిస్తే ఇంకా జాగ్రత్త. ముందు కొట్టిన నాణెం అచ్చులో ఇరుక్కుపోతే, తర్వాతి బిళ్లకు ఒక వైపు రెండో వైపు బొమ్మే అద్దంలో చూసినట్టు గుంటగా పడుతుంది. ఆ వైపు అసలు ముద్ర ఉండదు. రెండు నాణేలను వైస్‌లో బిగించి నొక్కితే మాత్రం అసలు బొమ్మ నలిగి, దాని మీద గుంట బొమ్మ కూడా కనిపిస్తుంది. అమ్మేవాడు రెండూ ఒకటేనంటాడు. కాదు.

కాసులపేరు నుంచో లాకెట్ నుంచో ఊడదీసినవి మన దగ్గర లెక్కలేనన్ని. రాజు తల పైన అంచును తిప్పి చూడండి. అంచు చుట్టూ ఉండే సన్నని గాట్లు ఆగిపోయినా, అక్కడ రంగు మారినా కొక్కెం టంకమే. బేరంలో దీనికి "అంచు లోపం" అని ముద్దుపేరు.

ఇవన్నీ యంత్రం కొట్టిన నాణేల సంగతి. విజయనగర కాసుల మీదా ఆర్కాట్ రూపాయల మీదా ముద్ర సగమే పడటం మామూలు. అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది, కొట్టింది సుత్తితో. దాన్ని ఎర్రర్ అంటే నవ్వుతారు. మద్రాసు టంకశాల అర వరహాలు కొన్ని స్పానిష్ డాలర్ల మీదే కొట్టినవి. కింద పాత బొమ్మ నీడలు కనిపిస్తే కంగారు పడొద్దు. వాటి మీద గుడి గోపురం, విష్ణువు, తమిళంతో పాటు తెలుగు అక్షరాలూ ఉంటాయి కాబట్టి అక్షరం వంకరపోతే పట్టుకోవడం మనకు తేలిక. 1911 నాటి ఐదో జార్జి "పంది రూపాయి" కూడా టంకశాల తప్పు కాదు. అంగీ మీది ఏనుగు పందిలా ఉందని గొడవ రావడంతో 1912లో ఆ బొమ్మ మార్చారు.

దొంగవాటిలో పోత పోసినవాటిని పట్టుకోవడం సులువు. ఉపరితలంలో సూదిమొన బుడగలు, అరిగిన సబ్బులా మొద్దుబారిన అక్షరాలు, అంచు చుట్టూ అతుకు గీత ఉంటాయి. కష్టమల్లా తేదీ మార్చినవాటితోనే. 1939 రూపాయి అరుదు, అందుకే దానికి దొంగలు ఎక్కువ. 1938 చివరి అంకెను చెక్కితే ఆ చుట్టూ ఉపరితలం గీసినట్టు మెరుస్తుంది. 1940 రూపాయిని దిద్దితే నీళ్ల పరీక్షలో దొరికిపోతుంది. ఆ ఏటి నుంచి వెండి సగమే, అంచు గాట్ల తీరూ వేరు.

1818 తేదీతో రామదర్బారు బొమ్మ ఉన్న రాగి బిళ్లనూ, "యూకేఎల్ వన్ అణా" బిళ్లనూ తూకం వేయనక్కర్లేదు. కంపెనీ అలాంటి నాణేలు ఎన్నడూ కొట్టలేదు, కాబట్టి నకలు చేయడానికి అసలుదే లేదు. పాత నాణేలు కొంటామంటూ ముందుగా రుసుము అడిగేవాళ్ల గురించి 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే హెచ్చరించింది. అమ్మేది మీరైనప్పుడు మీరెందుకు డబ్బు కట్టాలి?